ఆశుగానానికి ముందస్తు అనుమతి

పందొమ్మిది వందల అరవై రెండు జూలైలో మా మిషన్ హైస్కూలుకు అమెరికా నుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. మాచర్ల రైలు ఆగే చిన్న స్టేషన్ నుంచి ఎడ్లబండి మీద తెచ్చారు. దించడానికి నలుగురు పట్టారు. ఆ బరువు చూసి అది పాలపొడి అనుకుని హెడ్మాస్టరు రాజారత్నంగారు తిన్నగా స్టోరుగదిలో పెట్టించారు. కోటు జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి గది మూయబోతూ, ఎందుకైనా మంచిదని పెట్టె తెరిపించారు. లోపల ఒక గ్రామఫోను, పదకొండు రికార్డులు, ఒక పుస్తకం, ఒక ఉత్తరం ఉన్నాయి. ఆయన పెట్టెలో చెయ్యి పెట్టి అడుగు దాకా తడిమారు. ఇంకేమీ లేదని తేలాక ఉత్తరం నా చేతికిచ్చారు.

"చదువయ్యా కృపానందం. ఏం కావాలంట వాళ్లకి?"

నేను అప్పటికి రెండేళ్లుగా ఆ స్కూల్లో టెంపరరీ టీచర్ని. మా వంశంలో బి.ఏ. చదివింది నేనొక్కణ్ణే. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. స్కూల్లో ఎవరికీ చేతకాని పని ఏది వచ్చినా నాకు అప్పజెప్పడానికి అదే కారణం కనుక చెబుతున్నాను.

ఉత్తరం రాసినామె పేరు ఎలిజబెత్. మా హాస్టలు పిల్లలకు పాలపొడి పంపించే సంఘంలో సభ్యురాలు. అమెరికా దేశపు దక్షిణాది రాష్ట్రాల్లో ఒక ఊళ్లో పదిహేనేళ్ల పిల్లలకు జాజ్, బ్లూస్ అనే సంగీతం నేర్పుతుందట. ఆ సంగీతంలో రాసి ఉన్నది రాసి ఉన్నట్టు పాడటం తప్పు, పాడేవాళ్లు తమ మనసులో ఉన్నది, ముఖ్యంగా తమ కష్టం, అప్పటికప్పుడు కల్పించి పాడాలి అని రాసింది. మీ పిల్లలు మా పాలు తాగుతున్నారు, మా పాట కూడా నేర్చుకోవాలని నా కోరిక, జనవరిలో వచ్చి వింటాను అని ముగించింది.

రాజారత్నంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే రాసింది పాడకూడదా?"

"పాడకూడదంటండి."

"మరి ఏం పాడాలి?"

"అప్పటికి ఏది తోస్తే అది."

"ఎవరికి తోస్తే?"

"పిల్లలకండి."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "కాదనటానికి లేదు, పాలు పంపించే మనిషి. సరే, దానికి ఆశుగానం అని పేరు పెట్టి తొమ్మిది, పది తరగతులకి శుక్రవారం ఆఖరు పీరియడు వెయ్యి. అయితే పిల్లలకి ఏం తోచాలో నువ్వు ముందే రాసి నాకు చూపించు. నేను సంతకం పెట్టినాక వాళ్లకి తోచొచ్చు."

నేను చిత్తం అన్నాను.

"జనవరిలో ఇది సక్రమంగా జరిగితే నీ పర్మనెంటు ఆర్డరు సంగతి చూస్తాను" అని కూడా అన్నారు. ఆ మాటతో నాకు జాజ్ మీద శ్రద్ధ కలిగింది.

ఆర్డరు ఎంత అవసరమో చెప్పాలంటే మా అమ్మ పిచ్చమ్మ గురించి చెప్పాలి. పత్తి తీతకూ, కలుపుకూ పోయి నన్ను చదివించింది. నేను ఉద్యోగంలో చేరిన రోజే పల్లెంతా తిరిగి నా కొడుకు పర్మనెంటు అని చెప్పేసింది. అది నిజం కాదని నేను చెప్పినప్పుడు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

"టెంపరరీ అంటే ఏందిరా?"

"ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలమ్మా."

"కూలిపనీ అంతేగా. దీనికి పద్నాలుగేళ్లు చదవటం ఎందుకు?"

ఆ ప్రశ్నకు సమాధానం జనవరిలో ఉంటుందని ఆశ పెట్టుకున్నాను.

మొదటి శుక్రవారం ఇరవై ఆరుమంది పిల్లలతో పీరియడు మొదలైంది. నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. బోర్డు మీద నోట్సు రాశాను. ఆశుగానమనగానేమి? దాని లక్షణములు ఎన్ని? అవి ఏవి? మూడు వారాల్లో అందరూ కంఠస్థం చేశారు. మరియదాసు అనే కుర్రవాడు, స్కూలు మొత్తానికి బైబిలు వాక్యాల పోటీలో ఫస్టు, ఆశుగానం నాలుగు లక్షణాలనూ ఒక్క ఊపిరిలో అప్పజెప్పేవాడు. పరీక్ష పెడితే నూటికి తొంభై వచ్చాయి. పాట మాత్రం ఎవరికీ రాలేదు.

సరే, వింటే వస్తుందేమోనని గ్రామఫోను పెట్టాను. ఒక రికార్డులో ఒకాయన బూర ఊదుతుంటాడు. పిల్లలు ఆ ఊదుడును నోటితో నేర్చుకున్నారు, వేలెడు తేడా లేకుండా. ఆ రికార్డుకు మధ్యలో ఒక గీత పడి ఉంది. అక్కడికి వచ్చేసరికి ముల్లు చిక్కుకుని, నేను లేచి ఎత్తేదాకా అదే ముక్క తిరిగేది. పిల్లలు దాన్నీ నేర్చుకున్నారు. ఇరవై ఆరు గొంతులూ అక్కడికి రాగానే ఒకే ముక్కను నాలుగుసార్లు పాడి ఆగిపోయేవి. మరియదాసు లేచి లేని ముల్లును చేత్తో ఎత్తి పక్కన పెట్టేవాడు. అప్పుడు మళ్లీ అందుకునేవారు.

రాజారత్నంగారు వరండాలో నిలబడి ఇది విన్నారు. తాళంచెవుల గుత్తిని అరచేతిలో ఆడిస్తూ తాళం కూడా వేశారు.

"చానా బాగుందయ్యా. ఆ నాలుగోసారి మాత్రం కొంచెం గట్టిగా అనిపించు. కష్టమైన చోటు లాగుంది."

ఆ రాత్రి పుస్తకం మళ్లీ మొదటినుంచి చదివాను. బ్లూస్ పాట కట్టే పద్ధతి అందులో ఇలా ఉంది. మొదట ఒక మాట పాడాలి. అదే మాట మళ్లీ పాడాలి. మూడోసారి దానికి జవాబుగా వేరే మాట పాడాలి. అంతే. కానీ అదే మాట రెండుసార్లు ఎందుకో ఎంత చదివినా అర్థం కాలేదు. నోట్సులో ఏం రాయాలో తెలియక అక్కడ ఖాళీ వదిలాను.

ఆ ఖాళీ నవంబరులో ఒక ఆదివారం నిండింది. అమ్మ సద్ది మర్చిపోయి పనికి పోతే నేను ప్రార్థన అయ్యాక గుడి నుంచి తిన్నగా పుల్లారావుగారి పత్తిచేలోకి పట్టుకెళ్లాను. పది పదిహేనుమంది ఆడవాళ్లు బారులో పత్తి తీస్తున్నారు. గట్టు మీద పుల్లారావుగారు గొడుగు వేసుకుని కూర్చున్నారు. అమ్మ గొంతు వినిపించింది.

"పుల్లారావు చేలోన పొద్దే గుంకదు."

బారంతా అందుకుంది. "పుల్లారావు చేలోన పొద్దే గుంకదు."

ఒక్క గుక్క ఆగి అమ్మ మూడోది కట్టింది. "గడియారం ఆయన జేబులో గుర్రు పెడతంది."

ఆడవాళ్లందరూ నవ్వారు. పుల్లారావుగారు కూడా నవ్వి, జేబులోంచి గడియారం తీసి చూసుకుని, "నీ నోరు పడ, ఇంకో బారు తీసి లేవండి" అన్నారు.

ఇది నేను అమ్మ వీపున ఉన్నప్పటినుంచీ విన్నదే. మా పల్లెలో దీన్ని ఎవరూ ఆశుగానం అనలేదు, నోటిదురుసు అన్నారు. నేను సద్దిగిన్నె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"అమ్మా, అదే మాట రెండుసార్లు ఎందుకంటారు?"

"ఇదేం ప్రశ్నరా. మొదటిసారి అన్నది ఆసామికి. రెండోసారి అన్నది మనకి. మూడోది ఏం కట్టాలా, అసలు కట్టాలా వద్దా అని చూసుకోవటానికి టయిం కావాలిగా."

మర్నాడు నోట్సులో ఖాళీ నింపాను. ఆధారం అన్న చోట 'నా తల్లి పిచ్చమ్మ, పత్తి కూలి' అని రాశాను. రాజారత్నంగారు దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి 'అమెరికా విద్వాంసుల అభిప్రాయము' అని రాసి సంతకం పెట్టారు.

ఆ శుక్రవారం బోర్డు తుడిచేసి, మీ మనసులో ఉన్న ఒక మాట అనండి అన్నాను. అందరూ ఖాళీ బోర్డు వంక చూస్తూ కూర్చున్నారు.

"సార్, మీరు బోర్డు మీద రాయండి. మాకు తోస్తది" అన్నాడు మరియదాసు.

పావుగంట గడిచింది. ఆఖరి బెంచీలోంచి గ్రేసమ్మ లేచింది. అచ్చంపేట వైపు పిల్ల, హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. మామూలుగా హాజరు పిలిస్తే పలకడానికి కూడా ఆలోచించే పిల్ల.

"బోర్డు మీద ఏం లేదు, సారు దగ్గరా ఏం లేదు" అని పాడింది.

పక్కనున్న ఆడపిల్లలు భయం భయంగా అందుకున్నారు. "బోర్డు మీద ఏం లేదు, సారు దగ్గరా ఏం లేదు."

గ్రేసమ్మ నా వంక ఒకసారి చూసింది. "బెల్లు కొట్టే తాత కూడా బతికున్నట్టు లేదు."

క్లాసు క్లాసంతా పడిపడి నవ్వింది. నన్ను అన్నందుకు నాకు కోపం రావాలి. రాలేదు. అటుపైన వాళ్లను ఆపడమే కష్టమైంది. లెక్కల మాస్టారి బెత్తం, హాస్టలు జొన్నన్నంలో రాళ్లు, మాచర్ల రైలు ఆలస్యం, అన్నీ మూడేసి మాటల్లోకి వచ్చేశాయి. పీరియడు అయ్యేసరికి తలుపులు వేసి పాడించవలసి వచ్చింది.

తాళానికి వాయిద్యం లేదు. మరియదాసు వాళ్ల తాత డప్పు అటక మీద ఉందని, తెస్తానని అన్నాడు. నేను అనుమతి అడగడానికి వెళ్లాను.

"డప్పా?" రాజారత్నంగారు కుర్చీలోంచి లేచారు. "బాప్తిస్మం తీసుకున్నరోజు మన తాతలు మెడలోంచి దించింది దాన్నే. మళ్లీ నువ్వు పిల్లల మెడలో తగిలిస్తావటయ్యా, బి.ఏ. చదివి?"

మా తాత కూడా దించినవాడే కాబట్టి చిత్తం అన్నాను. బయటికి వచ్చి హాస్టలు పెరట్లోకి చూస్తే ఖాళీ పాలపొడి డబ్బాలు గుట్టగా ఉన్నాయి, చేతులు కలిపిన బొమ్మ వేసినవి. ఒకదాని మీద వేళ్లతో కొట్టి చూశాను. బాగానే పలికింది. మళ్లీ లోపలికి వెళ్లి అడిగాను.

"డబ్బా పర్లేదు. అది అమెరికాది" అన్నారు.

డబ్బాలు ఇచ్చింది హాస్టలు వంటమనిషి దేవమ్మ. భర్త పోయిన మనిషి. ఇద్దరు పిల్లలు ఆ హాస్టల్లోనే తిని చదువుకుంటున్నారు.

"ఎన్ని కావాలంటే అన్ని తీసుకో అయ్యా. నిండువి నేను ఎప్పుడూ ముట్టింది లేదు. అయ్యగారు తాళం తీసి, గరిటె లెక్కన కొలిచి నా గిన్నెలో పోస్తారు. ఖాళీ అయినాకే డబ్బా నాదాకా వచ్చేది."

"ఎన్ని గరిటెలు?"

"రెండు."

"ఎనభై మంది పిల్లలకా?"

దేవమ్మ నా వంక అదోలా చూసి పొయ్యిలో కర్ర ముందుకు తోసింది. నేను డబ్బాలు తీసుకుని వచ్చేశాను. అప్పుడు నా ధ్యాసంతా డబ్బాల మీదే ఉంది.

డిసెంబరు నెలాఖరుకు 'జనవరి పదహారవ తేదీన విద్యార్థులకు అప్పటికప్పుడు తోచబోవు పాట' అని శీర్షిక పెట్టి మూడు ప్రతులు సమర్పించాను. నేను రాసిన పాటలో రాజారత్నంగారికి నచ్చిన మాట ఒక్కటీ దొరకలేదు. మొత్తం కొట్టేసి తనే కొత్తది రాశారు. 'పాలవంటి మనసుగల అమెరికా సోదరీమణులారా' అని మొదలవుతుంది. దాని మీద స్కూలు ముద్ర కూడా వేయించారు. నా ఆర్డరు అప్పటికే టైపు అయి ఆయన సొరుగులో ఉందని, పదహారో తేదీ గడిస్తే సంతకం చేస్తానని చెప్పారు.

పదహారో తేదీ పొద్దున మిషన్ ట్రెజరరు దొరగారి జీపు వచ్చింది. గేటు దగ్గర బంతిపూల దండతో రాజారత్నంగారు, వెనక నేను, పిల్లలు. ప్రహరీ గోడ అవతల పల్లె ఆడవాళ్లు, వాళ్లలో మా అమ్మ. జీపు నడుపుతున్న దొరగారు దిగారు. రాజారత్నంగారు చుట్టూ చూసి, దొరసాని ఎక్కడా కనిపించక, దండ ఆయన మెడలో వేశారు. ఇంతలో అటువైపు నుంచి ఒక పొడుగాటి నల్లటి ఆవిడ దిగింది. నెరిసిన జుట్టు, కళ్లజోడు, నూలు గౌను. రాజారత్నంగారు ఆమెను దొరగారి ఆయా అనుకుని, "అట్టా నీడన కూర్చోమ్మా" అన్నారు తెలుగులో. దొరగారు తన మెడలో దండ తీసి ఆమె మెడలో వేశారు. "ఎలిజబెత్ గారు" అన్నారు.

గోడ అవతల మా అమ్మ గొంతు వినిపించింది. "ఒసే, అచ్చం మన ఈపూరు పెద్దమ్మ లాగుందే."

రాజారత్నంగారి మొహంలో రంగు మళ్లీ రావడానికి కొంచెంసేపు పట్టింది. వచ్చాక స్వాగతోపన్యాసం చేశారు. అది అవగానే దొరగారు లెక్కల పుస్తకాలు చూడటానికి ఆఫీసుగదిలోకి వెళ్లారు. తరువాత గ్రేసమ్మ ముద్ర వేసిన కాయితం పట్టుకుని లేచింది. 'పాలవంటి మనసుగల' దాకా పాడిందో లేదో, ఎలిజబెత్ గారు చెయ్యెత్తి, లేచి వెళ్లి ఆ కాయితం తీసుకున్నారు.

"ఇది ఎవరు కట్టారు?" అని ఇంగ్లీషులో అడిగారు.

"నేనే మేడమ్. మూడు వారాలు కష్టపడ్డాను" అన్నారు రాజారత్నంగారు.

"నేను జాగ్రత్తగా చదువుకుంటాను" అని ఆమె దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నారు. "ఇప్పుడు పిల్లలు పాడాలి. ఈ పొద్దున ఏం తిన్నారో, ఏం తాగారో అది పాడమనండి."

రాజారత్నంగారు సంతోషంగా పిల్లలకు చెప్పారు, మీ మాట మీరు పాడండి, నేను ఇంగ్లీషు చేస్తాను అన్నారు. ఎందుకంటే ఆ పొద్దున పాలల్లో పద్నాలుగు గరిటెల పొడి కలిపించింది ఆయనే.

మరియదాసు డబ్బా మీద దెబ్బ వేశాడు. గ్రేసమ్మ కళ్లు మూసుకుంది.

"ఇయ్యాల మాకు పాలు చిక్కంగ పోశారు."

ఇరవై ఆరుమందీ అన్నారు. "ఇయ్యాల మాకు పాలు చిక్కంగ పోశారు."

"రేపు కూడా మీరు ఇక్కడే ఉండండి అమ్మగారు."

రాజారత్నంగారు ఉన్నదున్నట్టు ఇంగ్లీషు చేశారు. "చూశారా మేడమ్, మిమ్మల్ని వదలలేకపోతున్నారు" అని కూడా చేర్చారు. ఎలిజబెత్ గారు నవ్వలేదు. కుర్చీని ముందుకు జరుపుకున్నారు. "ఇంకొకటి" అన్నారు.

ఈసారి మరియదాసు అందుకున్నాడు, డబ్బా కొడుతూనే.

"రోజూ మా పాలల్లో గ్లాసు అడుగు కనపడుద్ది."

"వాళ్ల జీవితంలో పాలు వెలుగు నింపాయంటున్నారు మేడమ్."

"రోజూ మా పాలల్లో గ్లాసు అడుగు కనపడుద్ది."

"అమెరికా తల్లుల రుణం తీర్చుకోలేమంటున్నారు మేడమ్."

"హనుమయ్య హోటలు టీలో చెంచా నిక్కి నిలబడుద్ది."

రాజారత్నంగారు దగ్గారు. "హనుమయ్య అని ఇక్కడొక హిందూ సోదరుడు. అతను కూడా వర్ధిల్లాలని ప్రార్థిస్తున్నారు."

ఎలిజబెత్ గారు వేలితో మోకాలి మీద ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టారు. "అయ్యా, నేను ముప్పై ఏళ్లుగా ఈ పాట నేర్పుతున్నాను. మొదటిదీ రెండోదీ ఒకే మాట. చెవికి కూడా ఒకటే వినిపించింది. మీరు నాకు రెండు చెప్పారు." నా వైపు తిరిగారు. "మాస్టారూ, మీరు చెప్పండి."

"చెప్పవయ్యా కృపానందం" అన్నారు రాజారత్నంగారు తెలుగులో, గుత్తి ఉన్న జేబులో చెయ్యి పెట్టుకుని. "రెండూ వేరు వేరేనని చెప్పు."

నాకు సొరుగులో కాయితం కళ్లముందు కనిపించింది. బి.ఏ.లో అనువాదానికి నాకు కాలేజీ ఫస్టు. ఆ రోజు మాత్రం నేను తల ఊపాను. "అవునండి. మాట ఒకటే. మా భాషలో దానికి భావాలు రెండు" అన్నాను.

గ్రేసమ్మకు ఇంగ్లీషు ఆ మాత్రం వచ్చు. ఆమె నా వంక చూడలేదు. వంగి డబ్బా సర్దింది.

"సరే" అన్నారు ఎలిజబెత్ గారు. "పాటలో నాకు ఒక్క పేరు మాత్రం స్పష్టంగా వినిపించింది. ఆ హనుమయ్య గారిని చూడాలి. టీ కూడా తాగాలి."

హనుమయ్య హోటలు స్టేషన్ రోడ్డులో తాటాకు పాక. దొరల జీపు తన గుమ్మంలో ఆగడం అతని జీవితంలో అదే మొదలు. భుజం మీద కండువాతో బెంచీ తుడిచాడు. అతని వెనక గూట్లో చేతులు కలిపిన బొమ్మల డబ్బాలు వరసగా ఉన్నాయి, మూతలతో సహా.

"కూర్చోండి దొరగారూ. అమ్మగారూ, ఇది మీ దేశం పాలేనండి. మన గేదెపాలకి ఇంత చిక్కదనం యాడిది. అంతా మన హెడ్మాస్టరు గారి దయ" అన్నాడు హనుమయ్య. మర్యాద చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

దొరగారికి తెలుగు వచ్చు. ఆయన మెల్లగా ఆమె చెవిలో చెప్పారు. ఎలిజబెత్ గారు గ్లాసులో చెంచా పెట్టి చెయ్యి తీశారు. చెంచా ఒక క్షణం నిలబడి పక్కకు ఒరిగింది.

"పాటలో అతిశయోక్తి ఉంది. కొంచెమే" అన్నారు.

దొరగారు టీ తాగకుండానే లేచారు. హాస్టలు పాలు ఎందుకు పల్చబడ్డాయో, ఈ డబ్బాలు ఇక్కడికి ఎలా వచ్చాయో వారంలోగా రాతపూర్వకంగా చెప్పమని రాజారత్నంగారిని అడిగారు. నెంబరు వేసిన ఫారం ఒకటి ఇచ్చారు. విచారణ జరపవలసిన అధికారి అన్న చోట హెడ్మాస్టరు అని అచ్చు వేసి ఉంది. కాబట్టి రాజారత్నంగారే విచారణ జరిపారు.

వారం తరువాత నన్ను పిలిచారు. బల్ల మీద రెండు కాయితాలు ఉన్నాయి. ఒకటి ఆ ఫారం. ఆయన గుండ్రటి చేతిరాతతో ఇలా ఉంది: 'హాస్టలు వంటమనిషి దేవమ్మ, ఆశుగానపు పీరియడు ప్రభావమునకు లోనై, కొలతలు పాటింపక అప్పటికప్పుడు తోచినట్లు నీరు కలుపుటచేతను, మిగిలిన పొడిని పెరటి దారిన హోటలునకు చేరవేయుటచేతను ఈ పరిస్థితి ఏర్పడినది. ఆమెను పనినుండి తొలగించుటకు సిఫార్సు చేయడమైనది.' కింద సాక్షి వాంగ్మూలం అని మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి.

రెండోది నా పర్మనెంటు ఆర్డరు. సంతకం అయిపోయింది. తేదీ వేయడమే తరువాయి.

"నిన్న ఆవిడ అడిగినప్పుడు నిలబడ్డావు చూడు, అది నాకు నచ్చిందయ్యా" అన్నారు. వారం కిందటి సంగతి ఆయనకు నిన్నటిలా ఉంది. నాకూ అలాగే ఉంది. "నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు. దేవమ్మ సంగతి దేవుడు చూసుకుంటాడు."

నేను కలం తీసి మొదటి గీత మీద రాశాను. 'హాస్టలు పాలు పల్చగా నుండిన మాట నిజము.'

అక్కడ చెయ్యి ఆగింది. కిటికీలోంచి పెరట్లో పొగ కనిపిస్తోంది. దేవమ్మ పొయ్యి ఊదుతున్నట్టుంది. బల్ల మీద ఆర్డరులో నా పేరు టైపు అక్షరాల్లో ఉంది, పక్కన బి.ఏ. అని. మా అమ్మ దాన్ని పటం కట్టించి గోడకు కొడదామనుకుంటోంది. ఏం రాయాలో నాకు తోచలేదు. కలం ఊరికే పట్టుకుని కూర్చుంటే ఆయన చూస్తున్నారు. రెండో గీత మీద మళ్లీ అదే రాశాను. 'హాస్టలు పాలు పల్చగా నుండిన మాట నిజము.' అక్షరం అక్షరం నెమ్మదిగా, ఎంతసేపు పడితే అంతసేపు రాశాను.

తరువాత మూడో గీత మీద, 'స్టోరు తాళంచెవి దేవమ్మ చేతికి ఎన్నడును రాలేదు' అని రాసి సంతకం పెట్టాను.

రాజారత్నంగారు ఫారం తన వైపు తిప్పుకుని మొదటి రెండు గీతలు చదివారు. "ఏందయ్యా, ఒకే మాట రెండుసార్లు రాశావు?"

"అది పద్ధతండి" అన్నాను. "మీరు సంతకం పెట్టిన నోట్సులోనే ఉంది."

ఆయన మూడోది చదివారు. ఫారం చించడానికి లేదు, నెంబరు ఉంది. ఆర్డరు తీసి సొరుగులో పెట్టి తాళం వేశారు. గుత్తి గలగలలాడింది. నేను నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

దేవమ్మను తీసేయలేదు. స్టోరు తాళంచెవి దొరగారు స్వయంగా ఆమెకు ఇచ్చి వెళ్లారు. ఎలిజబెత్ గారు విజిటర్ల పుస్తకంలో, ఈ పాటకు కావలసిన కష్టాన్ని ఈ పాఠశాల సమృద్ధిగా సమకూర్చింది అని రాశారు. రాజారత్నంగారు ఆ పేజీని అద్దం కట్టించి తన గదిలో పెట్టుకున్నారు. మేలో మిషన్ వారు ఆయన్ను హాస్టళ్లన్నిటికీ సూపర్వైజరుగా వేశారు. పాల విషయంలో ఆయనకు అనుభవం ఉందని ఆ ఉత్తరువులో రాసి ఉంది. సొరుగు తాళంచెవి గుత్తితో పాటే వెళ్లిపోయింది. కొత్త హెడ్మాస్టరుగారు సొరుగు పగలగొట్టడానికి అనుమతి కోసం రాశారు. ఇంకా రాలేదు.

ఫారం మీద సంతకం పెట్టిన సాయంత్రం మా అమ్మకు అంతా చెప్పాను. ఆమె పత్తి గింజ ఏరుకుంటూ విన్నది. మూడు గీతలూ ఉన్నదున్నట్టు వినిపించమంది. వినిపించాను.

"మూడోది బానే కట్టావు" అంది. చేతిలో గింజలు పక్కన పోసి, "ఆ రోజు నువ్వు తలకాయ ఊపటం గోడ పక్కనుంచి నేనూ చూశాలే. మాకైతే ఒక్క గుక్క చాలు. నీకు మూడోది కట్టటానికి వారం పట్టిందేందిరా?" అని అడిగింది.

"బి.ఏ. చదివాను గదమ్మా" అన్నాను.